‘జెంటూ’ అనే మాట: పాత ఆంగ్ల న్యాయగ్రంథాల సేకరణలో తెలుగు పరిశోధకుని పాత్ర

మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా శామీర్‌పేటలో ఉన్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం 1998 నాటి చట్టంతో ఏర్పడింది. ఇటువంటి విద్యాకేంద్రం చేరువలో ఉన్నప్పుడు, పాత ఆంగ్ల న్యాయ, రాజనీతి గ్రంథాల సేకరణ న్యాయశాస్త్రజ్ఞుల పని మాత్రమే అనిపించడం సహజం. అయితే ఆ గ్రంథాల ముఖపత్రాలను సరిగా చదవడానికి తెలుగు భాషా చరిత్ర తెలిసి ఉండాలి. ‘జెంటూ’ అనే పదం ఇందుకు నిదర్శనం.

నథానియేల్ బ్రాసీ హాల్‌హెడ్ అనువదించిన ‘ఎ కోడ్ ఆఫ్ జెంటూ లాస్’ 1776లో లండన్‌లో అచ్చయింది. పేరును బట్టి దీనిని తెలుగువారి ధర్మశాస్త్రంగా పొరబడే అవకాశం ఉంది. నిజానికి ఇది వారన్ హేస్టింగ్స్ ప్రోద్బలంతో బెంగాల్‌లో పదకొండుమంది పండితులు కూర్చిన సంస్కృత సంకలనానికి పారశీకం ద్వారా వచ్చిన ఆంగ్లానువాదం. ఇందులో ‘జెంటూ’ అంటే హిందువు. మద్రాసు ఆంగ్లేయులకు మాత్రం అదే మాట తెలుగును సూచించేది. 1816లో వెలువడిన ఎ.డి. కాంబెల్ తెలుగు వ్యాకరణం శీర్షికలోనే ఆ భాషను జెంటూ అని వాడుకగా పిలుస్తారన్న వివరణ ఉంది. 1817లో విలియం బ్రౌన్ తన వ్యాకరణానికి ‘జెంటూ’ పేరే పెట్టాడు.

కాంబెల్ వ్యాకరణానికి చేర్చిన పీఠికలో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ తెలుగు సంస్కృతజన్యం కాదని, తమిళ కన్నడాలతో సజాతీయమని ప్రతిపాదించాడు. 1818లో మిరాశీ హక్కులపై గ్రంథం వెలువరించిన అధికారి కూడా ఆయనే. వ్యాకరణాన్ని ఒక గదిలో, భూమిహక్కుల గ్రంథాన్ని మరొక గదిలో భద్రపరిస్తే వాటి మధ్య ఉన్న ఈ సంబంధం మరుగున పడుతుంది.

భాష, న్యాయం ఒకే రచయిత కృషిలో కలవడం తెలుగుకు కొత్త కాదు. 13వ శతాబ్దిలో ‘ఆంధ్రభాషాభూషణము’ రచించిన మూలఘటిక కేతనయే మితాక్షర ఆధారంగా ‘విజ్ఞానేశ్వరీయము’ను కూడా రచించాడు. దాయవిభాగంలో బెంగాల్ దాయభాగాన్ని అనుసరించగా, తెలుగుదేశంలో మితాక్షర ప్రమాణమైంది. కనుక హాల్‌హెడ్ గ్రంథాన్ని తెలుగు న్యాయసంప్రదాయానికి ఆధారంగా చూపడం పద విషయంలోనే కాక, శాస్త్ర విషయంలోనూ దోషమవుతుంది.

శామీర్‌పేట ప్రాంతం ఒకప్పటి నిజాం రాజ్యంలోనిది. అక్కడ న్యాయపాలన పారశీకంలోను, తరువాత ఉర్దూలోను సాగింది. కాబట్టి ఈ ప్రాంతంలో న్యాయచరిత్ర కోసం చేసే సేకరణ ఆంగ్ల గ్రంథాలతో ఆగిపోకూడదు. కేతన కావ్యం, పారశీక, ఉర్దూ న్యాయపత్రాలు వాటి సరసన చేరాలి. ప్రతి గ్రంథానికీ ముద్రణ సంవత్సరంతో పాటు, శీర్షికలోని పదాలకు ఆ కాలంలో, ఆ ప్రాంతంలో ఉన్న అర్థాన్ని కూడా పట్టికలో నమోదు చేయాలి. ఆ అర్థనిర్ణయమే తెలుగు పరిశోధకుడు ఈ సేకరణకు అందించగల ప్రత్యేక సేవ.