గడప దాటిన ఏరు

2015 డిసెంబర్ 1, మంగళవారం రాత్రి. చెన్నై శివార్లలో, తాంబరం పక్కన ముడిచూరులో మీ ఇల్లు. కరెంటు లేదు. ఇన్వర్టర్ మీద ఒక లైటు వెలుగుతోంది, ఒక ఫ్యాన్ తిరుగుతోంది. అత్తయ్యకు రాత్రి మాత్రలు తీసిస్తున్నారు. పొద్దుటి నుంచీ ఒకటే వాన. వీధి గుమ్మం కింద పాత చీరలు కుక్కి పెట్టారు. నీళ్లొస్తే వీధి నుంచే కదా అని.

బాత్రూంలో బుడబుడమని చప్పుడు. వెళ్లి చూస్తారు. కింద జాలీలోంచి నల్లటి నీళ్లు పైకి తన్నుతున్నాయి. బొద్దింకలు బారులుగా గోడ ఎక్కుతున్నాయి. జాలీ మీద తడిగుడ్డ వేసి అరచేత్తో అదుముతారు. లోపలి నుంచి ఎవరో తోస్తున్నట్టు చెయ్యి పైకి లేస్తుంది.

హాల్లోకి వచ్చేసరికి పాదాలు మునిగాయి. కాసేపటికి పిక్కలు. వంటింట్లో గ్యాస్ సిలిండర్ తేలుతూ గట్టును కొడుతోంది.

ఎదురింటి మేడ మీంచి కేక: "మేలే వాంగ! సీక్రం!" పైకి రండి, త్వరగా.

మేడ మెట్లు బయట ఉన్నాయి. తలుపు తెరవాలి. ముందు ఇన్వర్టర్ ఆపండి. ఆపారు. చీకటి.

బీరువా కింది అరలో ఇంటి పత్రాలు. ఒక చంకన పాప. ఇంకో చేతిలో అత్తయ్య చెయ్యి. పత్రాలకు చెయ్యి లేదు.

వదిలేయండి.

గడియ తీశారు. నీళ్లు మీద పడ్డాయి. నడుము లోతు. కాలికింద నేల తెలియడం లేదు. గోడ పట్టుకోండి. ఒక మెట్టు. అత్తయ్య జారింది. లాగండి. ఇంకో మెట్టు. ఇంకోటి.

పైకి వచ్చారు.

వాన మొహాన కొడుతోంది. దూరంగా రోజూ వినిపించే విమానాల మోత లేదు. మీనంబాక్కంలో రన్‌వే నీళ్లలో ఉంది. తెల్లారేసరికి తాంబరంలో ఒక్కరోజు వాన 49 సెంటీమీటర్లు. అంటే మూరెడు, పైన రెండు వేళ్లు.

ఇన్ని నీళ్లు ఎక్కడివి? చెంబరంబాక్కం జలాశయం నుంచి ఆ రాత్రి 29,000 క్యూసెక్కులు వదిలారు. కానీ ఆ నీళ్లు అడయారు నదిలో కలిసేది తిరునీర్మలై దగ్గర, మీకు దిగువన. అవి సైదాపేటను, కొట్టూరుపురాన్ని ముంచాయి. మీ హాల్లో ఉన్నవి ఎగువ నీళ్లు. ఆదనూరు, మన్నివాక్కం వైపు చెరువులు నిండి అలుగులు పారుతున్నాయి. ఒకటి నిండితే కిందిదానికి, అదీ నిండితే ఏటికి. గొలుసుకట్టు చెరువుల పద్ధతే అది. ఆ నీళ్లు పారే పల్లంలోనే ప్లాట్లు వేశారు. కొనేటప్పుడు మీరు సర్వే నంబరు చూశారు. తూర్పు గుమ్మం చూశారు. ఒక్క వానాకాలం వచ్చి నేల చూడలేదు.

తెల్లారింది. వీధి లేదు. కాంపౌండు గోడలు లేవు. మట్టిరంగు నీళ్లు వీధి మలుపులతో పనిలేకుండా ఒకే దిక్కుకు సాగుతున్నాయి. అడయారు వైపు.

మలుపులోంచి పడవ వస్తోంది. ముందు ముసలివాళ్లు, పిల్లలు అంటున్నారు. పాపను అందించారు. చేతులు ఒక్కసారిగా తేలికయ్యాయి. అత్తయ్య మీ కొంగు వదలడం లేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీశారు.

పడవ కదిలింది. గెడ నీళ్లలో దేనికో తగిలి ఠంగుమంది.

అది మీ గేటు.