కడుపులో వేసిన ముగ్గు

పాత కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలో ఉంది మంగంపేట. అక్కడి ముగ్గురాయి ఎక్కువగా చమురు బావుల పనికి పోతుంది. బావి తవ్వేటప్పుడు వాడే బురదకు బరువు రావాలంటే ఈ పొడి కలపాల్సిందే. రసాయన శాస్త్రం దీన్ని బేరియం సల్ఫేట్ అంటుంది. అదే పదార్థాన్ని మలినాలు లేకుండా తయారుచేసి, నీళ్లలో చిక్కగా కలిపి రోగి చేత తాగిస్తే, వాకిట్లో గీసినట్టే పేగుల్లోనూ గీతలు గీస్తుంది.

ఎక్స్‌రేలో ఎముక తెల్లగా పడుతుంది, పేగు పడదు. 1895లో రాంట్‌జెన్ ఈ కిరణాలను కనిపెట్టాడు. ఏడాది తిరిగేసరికి హార్వర్డ్‌లో వైద్యం చదువుతున్న వాల్టర్ కానన్ ఒక కుక్క చేత గుండీ మింగించి, అది గొంతు దిగడం తెరమీద చూశాడు. తర్వాత బాతు, ఆ తర్వాత పిల్లి. బిస్మత్ లవణం కలిపిన తిండి పెడితే పిల్లి కడుపు కదలికలు నీడల్లా కనిపించేవి. పిల్లికి కోపమొస్తే ఆ కదలికలు ఠక్కున ఆగిపోయేవట! మనుషుల కోసం 1904లో మ్యూనిక్‌లో రీడర్ అనే వైద్యుడు బిస్మత్ కలిపిన జావ తయారుచేశాడు. అది కొందరికి విషమైంది. 1910లో దాని స్థానంలోకి బేరియం సల్ఫేట్ వచ్చింది. ఇక్కడో తిరకాసుంది. బేరియం కార్బొనేట్ ఎలుకల మందు. సల్ఫేట్ మాత్రం కరగదు. కరగదు కాబట్టే ఒంటికి పట్టదు, వచ్చినదారినే పోతుంది.

జీర్ణాశయం వరకు బాగానే ఉంది. అసలు చిక్కు చిన్నపేగుది. దాదాపు ఆరు మీటర్ల గొట్టం, మడతమీద మడత. క్యాన్సర్ కాని గడ్డలు అందులో ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా కూర్చుంటాయి. కొవ్వు గడ్డ, కండర గడ్డ, గ్రంథి గడ్డ... ఎన్నో రకాలు. అంతుచిక్కని రక్తహీనతో, పేగులోకి పేగు దూరి వచ్చే మెలిపెట్టే నొప్పో వచ్చాకగానీ సంగతి బయటపడదు. ఒకప్పుడు పొట్ట కోసి, పేగును మూర మూర తడిమి చూడటమే దారి.

బేరియం ఆ చీకట్లో కొంత దారి చూపింది. తెల్లటి ధారలో నున్నటి అంచుతో గుండ్రటి ఖాళీ కనిపిస్తే అక్కడ గడ్డ ఉందని అనుమానం. పొట్టమీద నొక్కితే ఆ ఖాళీ ఆకారం మారిందా, కొవ్వు గడ్డ కావచ్చు. పేగులో పేగు దూరినచోట బేరియం చుట్టలు చుట్టిన స్ప్రింగులా కనబడుతుంది. మడతలు ఒకదాన్నొకటి కప్పేయకుండా ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి, నేరుగా చిన్నపేగులోకే బేరియం పంపే పద్ధతీ వచ్చింది. డచ్ వైద్యుడు సెలింక్ 1970లలో దానికి ప్రచారం తెచ్చాడు. చూడటానికి బాగుండేది, భరించే రోగికే కష్టం.

1971లో తొలిసారి మనిషి తలను తీసిన సీటీ స్కాన్, తర్వాత పొట్టకూ వచ్చింది. దాని కొలతలో నీరు సున్నా, కొవ్వు గడ్డ మైనస్ 100 దరిదాపుల్లో ఉంటుంది. ఇప్పుడు చిన్నపేగును సీటీలో చూడాలంటే రోగి నీళ్లలాంటి ద్రవాన్ని లీటరుకు పైగా తాగాలి. ఆపై నరంలోకి అయోడిన్ మందు ఎక్కిస్తారు. పేగు లోపల నల్లగా, గోడ మెరుస్తూ కనిపిస్తుంది. అంటే పాత ముగ్గు తిరగబడింది!

సర్జన్‌కు గడ్డ ఎక్కడుందో, రక్తనాళాలు ఎటు వెళ్తున్నాయో ముందే తెలుస్తుంది. కొవ్వు గడ్డ పేరూ తెలిసిపోతుంది. కండర గడ్డ దగ్గర మాత్రం సీటీ తడబడుతుంది. జిస్ట్ అనే మరో గడ్డా అచ్చం అలాగే ఉంటుంది, అది ముదిరే రకమూ కావచ్చు. కోసి తీసిన ముక్క సూక్ష్మదర్శిని కిందికి చేరేదాకా ఆ రెండింటిలో ఏదో తేలదు.