వంతపాడని వంత
వ్యంగ్యగీతంలో రెండో గొంతు: ఒక చారిత్రక పరిశీలన

పాట సగంలో ఉండగా ఒక కొత్త గొంతు ప్రవేశిస్తుంది. అది పాడదు, లయ తప్పకుండా మాట్లాడుతుంది. పాడేవాడు అంతదాకా అన్నదాన్ని ఎగతాళి చేస్తుంది, లేదా అతను అనలేక ఆగిపోయినదాన్ని అందుకుని అనేస్తుంది. వచ్చిన పని కాగానే వెళ్లిపోతుంది. ఈనాడు విడివిడిగా విడుదలవుతున్న వ్యంగ్యగీతాల్లో ఈ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. గాయకుడి పేరు పక్కన అతిథిగా ఒక ర్యాపర్ పేరు వేస్తున్నారు. దీని గురించి మన సాహిత్య వర్గాల్లో రెండు అభిప్రాయాలు వినిపిస్తున్నాయి. ఇది అమెరికా మార్కెట్టు నుంచి దిగుమతి అయిన సరుకు కనుక పట్టించుకోనక్కర్లేదనేది ఒకటి. పాత ప్రజాకళారూపాలకు కాలం చెల్లింది కనుక ఇకమీదట యువతరం భాష ఇదేననేది రెండోది. ఈ రెండింటికీ మూలం ఒకే పొరపాటు. రెండూ రూపాన్ని చరిత్ర నుంచి విడదీసి చూస్తున్నాయి. రెండో గొంతు ఎవరిది, అది ఎవరి తరఫున మాట్లాడుతోంది అన్న ప్రశ్నను రెండూ దాటవేస్తున్నాయి.

ముందు దిగుమతి సంగతి చూద్దాం. ర్యాప్ అనే రూపం న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ పేటలో, నల్లజాతి, కరీబియన్ వలస కుటుంబాల యువకుల మధ్య పుట్టింది. 1973 ఆగస్టులో కూల్ హెర్క్ అనే యువకుడు తన చెల్లెలి కోసం జరిగిన విందులో రికార్డులు తిప్పిన రాత్రిని దాని పుట్టుకగా చెబుతారు. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ రికార్డు ఆ పేట మాటను వ్యాపార వస్తువుగా మార్చింది. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం పేరుతో వచ్చిన 'ది మెసేజ్' పేదవాడల బతుకును కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. ఆ రికార్డులో ప్రధానంగా వినిపించిన గొంతు మెల్లీ మెల్‌ది. రెండేళ్ల తర్వాత, 1984లో, అదే మెల్లీ మెల్ చాకా ఖాన్ పాడిన ఒక ప్రేమగీతంలో అతిథిగా వచ్చి ఆమె పేరును లయబద్ధంగా జపించాడు. పాట పెద్ద విజయం సాధించింది. గొంతు అదే, నైపుణ్యమూ అదే. మొదటి రికార్డులో ఆ గొంతుకు చెప్పవలసిన సంగతి ఉంది. రెండోదానిలో అలంకరించవలసిన పాట ఉంది. అతిథి గొంతు చరిత్ర అంతా ఈ రెండు రికార్డుల మధ్య దూరంలోనే ఉందంటే అతిశయోక్తి కాదు.

మన దేశానికి ఇది క్యాసెట్ల మీదుగా వచ్చింది. 1992లో బాబా సెహగల్ 'ఠండా ఠండా పానీ' వచ్చింది. అమెరికాలో తెల్లజాతి గాయకుడు వెనీలా ఐస్ అమ్ముకున్న పాటకు అది వెక్కిరింపు. అంటే నల్లవారి రూపాన్ని తెల్లవాడు అనుకరిస్తే, ఆ అనుకరణను మనవాడు అనుకరించాడు. 1994లో తమిళం నుంచి తెలుగులోకి వచ్చిన 'ప్రేమికుడు' సినిమాలో పేట ర్యాప్ మన పల్లెల దాకా చేరింది. 2008 నాటి 'జల్సా' సినిమా పాటకు అదే బాబా సెహగల్ గొంతు ఇచ్చాడు. ఆ తర్వాత నోయెల్, రోల్ రైడా వంటివారు తెలుగులోనే ఈ పని మొదలుపెట్టారు. ఇది దిగుమతి చరిత్ర. ఇందులో అబద్ధం లేదు. అయితే చరిత్ర ఇంతే కాదు.

పాట మధ్యలో మాటతో చొరబడే రెండో గొంతు తెలుగు శ్రోతకు కొత్తది కాదు. బుర్రకథలో ముగ్గురుంటారు. నడిమి కథకుడు తంబుర పట్టి కథ నడుపుతాడు. అటూ ఇటూ డక్కీలు పట్టుకుని నిలబడిన ఇద్దరిలో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. ప్రేక్షకులు కథలో మునిగిపోతున్నారనిపించగానే హాస్యగాడు అడ్డుపడతాడు. రాజకీయం చెప్పేవాడు పాత కథను పట్టుకొచ్చి ఈనాటి సంతలో నిలబెడతాడు. పల్నాటి వీరుల గురించి మొదలైన మాట చౌకదుకాణం దగ్గర తేలుతుంది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ నిర్మాణంలోని శక్తిని గుర్తించింది. షేక్ నాజర్ దాన్ని కోస్తా జిల్లాల వేదికల మీద శిఖరానికి తీసుకుపోయాడు. అదే కాలంలో తెలంగాణలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల రూపాన్ని సాయుధ పోరాటానికి ఒప్పించాడు. అందులోనూ ప్రధాన కథకుడి పక్కన వంతలుంటారు. వాళ్లు అమాయకంగా అడిగినట్టు అడుగుతారు. ఆ అమాయకపు ప్రశ్నకు దొర దగ్గర జవాబు ఉండదు.

ఇక్కడ మన భాష చేసిన ఒక అన్యాయాన్ని గమనించాలి. 'వంతపాడటం' అంటే నేటి వ్యవహారంలో పెద్దమనిషి చెప్పిన ప్రతిదానికీ తల ఊపటం. కళారూపంలో వంత చేసే పని అందుకు సరిగ్గా వ్యతిరేకం. నిజమైన వంత కథకుడి ఊపు నిలబెడుతూనే అతన్ని నిలదీస్తాడు. ప్రేక్షకుడి మనసులో మెదిలే అనుమానం వంత నోటి వెంట బయటికొస్తుంది. ఆ అర్థం అడుగంటి భజన అన్న అర్థం మిగలటం యాదృచ్ఛికం కాదు. ప్రశ్నించే పక్కగొంతును భజన గొంతుగా మార్చుకోవటమే అధికారం ఎప్పుడూ చేసే పని.

మరో వారసత్వం ఇంకా దగ్గరిది. అది పిట్టలదొర. తెలంగాణలో తుపాకి రాముడనీ, లత్కోరు సాబనీ పిలుస్తారు. ఖాకీ లాగు, పాత టోపీ, చేతిలో కర్ర తుపాకి. ఊరి నడుమ నిలబడి ఊపిరి తీసుకోకుండా కోతలు కోస్తాడు. లేని ఊళ్లకు జమీందారునంటాడు, ఇంకా కట్టని మేడల లెక్కలు చెబుతాడు. తెలుగు, ఉర్దూ, విరిగిన ఇంగ్లీషు ఒకే దమ్ములో దొర్లిపోతాయి. పూట గడవని మనిషి గొప్పలు చెప్పుకోవటం ర్యాప్‌లోనూ ఉంది, పిట్టలదొరలోనూ ఉంది. కాని రెండింటి వ్యంగ్యం ఒకటి కాదు. ర్యాపర్ గొప్ప తన కోసం. లోకం తనకు ఇవ్వని గౌరవాన్ని తానే ప్రకటించుకుంటాడు. పిట్టలదొర దొర వేషం వేసుకుని దొరతనాన్నే ఉబ్బించి పేల్చేస్తాడు. వింటున్న అసలు దొర కూడా నవ్వి ధాన్యం కొలిపించక తప్పదు. ఇందులో ఒక పరిమితి ఉందని మరిచిపోకూడదు. దొర ధాన్యం కొలిపిస్తున్నంత కాలం ఆ వ్యంగ్యానికి ఒక గీత ఉంటుంది. ఆ గీతను దాటించింది ఉద్యమాలే. నిజాం సర్కారును నిలదీస్తూ బండి యాదగిరి కట్టిన పాట ఇందుకు సాక్ష్యం. అది 1979 నాటి 'మాభూమి' చిత్రంలో గద్దర్ గొంతులో మళ్లీ వినిపించి కొత్త తరానికి చేరింది.

ఈ చర్చకు రామగుండం, గోదావరిఖని ఎందుకు ముఖ్యమో ఇప్పుడు చూడవచ్చు. వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చిన మనుషులు ఒక్కచోట పనిచేసే నేల ఇది. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు బయటపడింది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు సంపాదించింది. 1920లో కంపెనీ పేరు సింగరేణి అయింది. గోదావరి ఒడ్డున బావులు తెరవటం 1960ల నాటి మాట. బావుల చుట్టూ గోదావరిఖని పట్టణం పెరిగింది. పక్కనే విద్యుత్ కేంద్రాలు, ఎరువుల కర్మాగారం వచ్చాయి. కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల నుంచి వచ్చినవాళ్లు, కోస్తా నుంచి, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు ఒకే పంజరంలో బావిలోకి దిగారు. ఊళ్లో వదిలి వచ్చామనుకున్న 'దొర' అనే మాట బావి దగ్గర అధికారికి అతుక్కుని మళ్లీ ఎదురైంది. ఇటువంటి చోట వ్యంగ్యం వినోదం కోసం పుట్టదు. మస్టరు దగ్గర, టబ్బు దగ్గర, క్యాంటీనులో, అధికారి వినేలా అనలేని మాటను వంకరగా అనవలసి రావటం నుంచి పుడుతుంది.

1981 నాటి సమ్మె సంగతే తీసుకోండి. ఒక్క రోజు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోయవచ్చుననే చట్టపు నిబంధనకు వ్యతిరేకంగా సింగరేణి కార్మికులు సుదీర్ఘంగా పోరాడారు. ఒకటి ఎనిమిదికి సమానమనే లెక్కను మించిన వ్యంగ్యాన్ని ఏ కవి కల్పించగలడు? ఇలాంటి చోట ప్రధాన గాయకుడు ఆవేశంగా పాడితే సరిపోదు. పక్కన ఒకడు నిలబడి, వేళ్లు మడిచి, ఆ లెక్కను అమాయకంగా మళ్లీ మళ్లీ కూడాలి. వంత అవసరం వాస్తవంలోనే ఉంది.

1972లో మొదలైన జననాట్యమండలి ప్రదర్శనల్లో ఈ అవసరం ఒక శిల్పంగా స్థిరపడింది. గోచీ, గొంగడి, గజ్జెలతో వేదిక ఎక్కిన గద్దర్ పాటను ఎక్కడా ఏకధారగా పాడేవాడు కాదు. చరణానికీ చరణానికీ మధ్య ఆపి మాట్లాడేవాడు, ప్రశ్నించేవాడు, అభినయించేవాడు. పక్కనున్నవాళ్లు కోరస్‌తో అందుకునేవారు. వంగపండు ప్రసాదరావు యంత్రం గురించి రాసిన పాట ప్రశ్నా సమాధానాల నడకలోనే సాగుతుంది. 1985 తర్వాత గద్దర్ అజ్ఞాతంలోకి వెళ్లి 1990 ఫిబ్రవరిలో హైదరాబాదులోని నిజాం కళాశాల మైదానం సభతో బయటికి వచ్చేదాకా, వేదిక మీద కనబడని మనిషి గొంతును క్యాసెట్టు మోసింది. ఆ రోజుల్లో క్యాసెట్టు చౌక. ఒకదాని మీంచి ఇంకొకటి ఇంట్లోనే తీసుకోవచ్చు. పాట మధ్య మాటలు కూడా అందులో ఉండేవి. పాటతోపాటు ఆ మాటలనూ కంఠస్థం చేసినవాళ్లు కార్మికవాడల్లో తక్కువేం కాదు.

ఆ తర్వాత జరిగిందేమిటి? రెండు వైపుల నుంచి రెండో గొంతును కొనటం మొదలైంది. మార్కెట్టు ఒకవైపు. 2009లో 'మగధీర' సినిమాలోని ఒక నృత్యగీతంలో వంగపండు పాట పల్లవి వినిపించింది. ప్రజల్ని పోరుకు పిలిచిన మాట అక్కడ చిందుకు ఊతపదమైంది. అభ్యంతరాలు వచ్చాయి. రాజ్యం మరొకవైపు. 2002 నుంచి ధూంధాం వేదికల మీద పాటకూ పాటకూ నడుమ సాగిన వెటకారపు మాట తెలంగాణ ఉద్యమానికి పెద్ద ఆయుధం. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకలజనుల సమ్మెలో సింగరేణి కార్మికులు వారాల తరబడి బొగ్గు ఆపినప్పుడు ఆ పాటలూ ఆ మాటలూ వారి వెంట ఉన్నాయి. రాష్ట్రం ఏర్పడ్డాక 2014లో సాంస్కృతిక సారథి అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది. 500 మందికి పైగా కళాకారులకు అందులో ఉద్యోగాలు దొరికాయి. ఆకలితో పాడిన మనిషికి నెల జీతం రావటాన్ని తప్పుపట్టటం న్యాయం కాదు. కాని ప్రభుత్వ పథకాల ప్రచారం పనిగా ఉన్న వేదిక మీద వంత ఏ ప్రశ్న అడగగలడు? వంతపాడటానికి వ్యవహారంలో స్థిరపడిన అర్థమే అక్కడ కళకూ స్థిరపడే ప్రమాదం లేదా?

ఈ నేపథ్యంలో చూస్తే నేటి వ్యంగ్యగీతం, దానిలోని అతిథి ర్యాపర్ మనకు వేరుగా కనబడతారు. క్యాసెట్టు స్థానంలో సెల్‌ఫోను వచ్చింది. మూడు నాలుగు నిమిషాల పాట ఒక్కటే తయారుచేసి వదలటానికి కంపెనీ దయ అక్కర్లేదు. గోదావరిఖని కుర్రవాడి దగ్గర కూడా ఆ సాధనం ఉంది. చెప్పవలసిన సంగతికీ కొదవ లేదు. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దరిదాపులకు పడిపోయింది. భూగర్భ బావుల స్థానాన్ని ఓపెన్‌కాస్టు గుంతలు ఆక్రమించాయి. పర్మినెంటు కార్మికుడి పక్కన అదే దుమ్ములో సగం జీతం కూడా లేని కాంట్రాక్టు కార్మికుడు పనిచేస్తున్నాడు. పాటలో ప్రధాన గొంతు, అతిథి గొంతు ఉన్నట్టే బావిలోనూ ఒక శాశ్వతుడు, ఒక తాత్కాలికుడు ఉన్నారు. మన వ్యంగ్యగీతంలో రెండో గొంతు ఈ తాత్కాలికుడిది కాగలదా? అసలు ప్రశ్న ఇది.

కాబట్టి విమర్శకులు ర్యాప్ మనదా, పరాయిదా అని కులగోత్రాలు విచారించటం మాని, వచ్చిన ప్రతి పాటనూ మూడు ప్రశ్నలు అడగాలి. రెండో గొంతు తీసేస్తే పాటలో అర్థం తగ్గుతుందా, లేక శబ్దం మాత్రమే తగ్గుతుందా? అది మొదటి గొంతును ఎక్కడైనా ఎదిరించిందా? దాని వెక్కిరింపు తగలవలసినవాడికి తగిలిందా, లేక పల్లె యాస మాట్లాడే పేదవాడికే తగిలిందా? మూడో ప్రశ్న మరీ ముఖ్యం. యాసను నవ్వించటానికి వాడుకోవటం మన సినిమా ఎన్నో ఏళ్లుగా చేసిన పని. యాసతో నిలదీయటం మన ప్రజాకళాకారులు చేసిన పని. రెండింటిలోనూ శ్రోతలు నవ్వుతారు. కాని ఎవరిని చూసి నవ్వుతున్నారన్నది వేరు.

రచయితల బాధ్యత ఇక్కడే మొదలవుతుంది. నాజర్ పక్కన నిలబడిన ఇద్దరి మాటలు అచ్చులో ఎంత మిగిలాయి? పాటల సంకలనాలు అచ్చువేసేటప్పుడు చరణాలు దాచుకున్నాం, చరణాల నడుమ మాటలు వదిలేశాం. సభ సభకూ మారే ఆ మాటలే ఆ రోజు సంగతులకు అద్దం. పాత క్యాసెట్లు అరిగిపోకముందే వాటిని వినాలి, రాసుకోవాలి. సాహిత్య విద్యార్థులు బుర్రకథలో హాస్యాన్నీ, పిట్టలదొర కోతలనూ అలంకారశాస్త్రాన్ని చదివినంత శ్రద్ధగా చదవాలి. అప్పుడు రేపు గోదావరిఖనిలో ఒక కాంట్రాక్టు కార్మికుడి కొడుకు ఫోను పట్టుకుని లయలో మాట్లాడబోతే, అతని ముందు అమెరికా నమూనా ఒక్కటే ఉండదు. పాట సాగుతుండగా పక్కనుంచి ప్రశ్న వేసే హక్కు తన తాతల నాటిదని అతనికి తెలుస్తుంది.