మనాది మొదలు వెతికే వైద్యం

కరీంనగర్ పల్లెల్లో మనసు బాధకు రెండు మాటలున్నాయి. ఒకటి రంది, రెండోది మనాది. అప్పు తీర్చాలి, బిడ్డ పెళ్ళి చేయాలి, వాన పడలేదు, ఇవన్నీ రంది. ఎందుకో తెలిసిన బాధ అది. ఎవరైనా వచ్చి "రంది పెట్టుకోకు బిడ్డా" అని భుజం తట్టగలరు. మనాది అట్లా కాదు. లోపలికి దిగిపోయిన బాధ అది. పట్టిన మనిషికి కూడా దాని మొదలెక్కడో అందదు. అన్నం సయించదు, నిద్ర పట్టదు, మనిషి చిక్కిపోతుంటాడు. ఆసుపత్రికి తీసుకుపోతే పరీక్షలన్నీ బాగానే ఉన్నాయంటారు. చివరికి ఒకరోజు "మనాదితోని పోయిండు" అని ఊరు ఒక్క మాటలో ఆ బతుకును ముగించేస్తుంది. సంస్కృతంలో ఒంటి జబ్బును వ్యాధి అన్నారు, మనసు జబ్బును ఆధి అన్నారు. మన మనాదిలో ఉన్నది ఆ ఆధేనని నాకనిపిస్తుంది.

అట్లా లోపలికి దిగిన బాధకు పుట్టుపూర్వోత్తరాలు తీసే వైద్యం ఒకటుంది. సైకోడైనమిక్ థెరపీ అంటారు. ఫ్రాయిడ్ పేరు మోగిపోయింది గానీ, దానికి దారి చూపింది మాత్రం జబ్బుపడ్డ ఒక అమ్మాయి.

1880లో వియన్నాలో ఆమెకు 21 ఏళ్ళు. పేరు బెర్తా పాపెన్‌హైమ్. తండ్రి మంచాన పడితే రాత్రుళ్ళు మేలుకొని సేవ చేసింది. క్రమంగా ఆమె కుడిచెయ్యి చచ్చుబడింది. చూపు మసకబారింది. సొంత భాష జర్మన్ నోటికి రాకుండా పోయి, ఇంగ్లిషులోనే మాట్లాడేది. డాక్టర్ జోసెఫ్ బ్రాయర్ రోజూ వచ్చి చూసేవాడు. అప్పట్లో ఇటువంటి జబ్బును హిస్టీరియా అనేవారు. వేషాలు వేస్తోందని ఇంట్లోవాళ్ళు అనుకునే రోజులు అవి. బ్రాయర్ మాత్రం కుర్చీ వేసుకొని కూర్చుని విన్నాడు.

ఒక ఎండాకాలం ఆమె నీళ్ళు తాగలేకపోయింది. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయేది, గ్లాసు పెదవిదాకా తెచ్చుకునేది, అంతలోనే పక్కకు నెట్టేసేది. ఆరు వారాలు పండ్లే ఆధారం. ఒకనాడు మత్తులాంటి స్థితిలో మాట్లాడుతూ ఒక సంగతి బయటపెట్టింది. ఇంట్లో ఉండే ఇంగ్లిషావిడ కుక్క గ్లాసులో మూతిపెట్టి నీళ్ళు తాగుతుంటే చూసిందట. ఒళ్ళంతా జలదరించింది. మర్యాద కాదని నోరెత్తలేదు. ఆనాడు మింగిన కోపాన్నంతా ఇప్పుడు కక్కేసి, నీళ్ళు అడిగి కడుపునిండా తాగింది. తెలివి వచ్చేసరికి గ్లాసు పెదవుల దగ్గరే ఉంది. ఈ మాట్లాడే పనికి పేరు కూడా ఆమే పెట్టింది: మాటల వైద్యం. ఇంకో పేరు, పొగగొట్టంలో మసి దులపడం.

బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి 1895లో హిస్టీరియా మీద పుస్తకం వేసినప్పుడు ఆమెను అన్నా ఓ. అనే మారుపేరుతో రాశారు. బ్రాయర్ వైద్యంతో ఆమె పూర్తిగా కోలుకోలేదు. 1882లో స్విట్జర్లాండులోని ఒక శానటోరియంలో చేరాల్సి వచ్చింది. ఆ సంగతి దాచిపెట్టి చెప్తే ఈ చరిత్ర అబద్ధమవుతుంది. కానీ తర్వాత ఆమె నిలబడింది. అనాథ పిల్లల కోసం పనిచేసింది. 1904లో జర్మనీ యూదు స్త్రీల సంఘాన్ని స్థాపించింది. 1954లో పశ్చిమ జర్మనీ ఆమె బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు మన పల్లెలు చేతబడిగా నమ్మే బాణామతి గుర్తుకొస్తుంది. ఉన్నట్టుండి ఒక ఆడమనిషి కాళ్ళు చేతులు బిగుసుకుపోతాయి, మాట పడిపోతుంది, కొన్నిసార్లు కుక్కలా అరుస్తుంది. వియన్నాలో అయితే హిస్టీరియా, మన దగ్గర బాణామతి. తేడా ఎక్కడొచ్చిందంటే, అక్కడ ఒక డాక్టరు ఆమెనే అడిగాడు. ఇక్కడ "ఎవరు చేసిండ్రు?" అని ఊరంతా వెతికింది. దొరికిన ముసలివాడి పళ్ళు ఊడగొట్టారు, చెట్టుకు కట్టేశారు, ప్రాణాలు తీశారు. బాధపడుతున్న మనిషిని "నీకేమైంది, ఎప్పటినుంచి?" అని అడిగే తీరిక ఎవరికీ దొరకలేదు.

అడిగినా ఆమె చెప్తుందా? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని చిన్ననాటి నుంచి విన్న మనిషి. పెదవి దాటితే పృథివి దాటుతుందని భయం. ఊరంత కుటుంబంలో ఆ భయం ఉత్తదేం కాదు కూడా. అందుకే ఆ బాధ వేరే దారులు వెతుక్కుంది. శివసత్తుల ఒంట్లో పూనకమై ఊగింది. కొండగట్టు అంజన్న గుడిలో రోజుల తరబడి నిద్ర చేసింది. అంత్రమై మెడకు కట్టుకుంది. వీటిని మూఢనమ్మకాలని ఒక్క ముక్కలో కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. మానసిక విశ్లేషకుడు సుధీర్ కాకర్ 1982లో మన దేశపు భూతవైద్యుల మీద, సాధువుల మీద, వైద్యుల మీద ఒక పుస్తకమే రాశాడు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి, కూర్చుని, వాళ్ళు చేస్తున్న పనిని గౌరవంగా చూశాడు. గుడి మనిషికి ఊరట ఇస్తుంది, తోడునిస్తుంది. అయితే పూనకంలో పలికేది దేవర మాట. పూనకం దిగాక తన మాట తనకే గుర్తుండదు.

ఫ్రాయిడ్ చేసిన పెద్ద మార్పు ఇక్కడే ఉంది. హిప్నాటిజంతో మత్తులో పెట్టి మాట్లాడించడం మానేశాడు. మెలకువలోనే, తోచింది తోచినట్టు, సిగ్గనిపించినా, అర్థం లేదనిపించినా చెప్పమన్నాడు. మధ్యలో ప్రశ్నలు వేసి ఆపొద్దని, తనను చెప్పనివ్వమని ఒక రోగి కసిరితే ఆ పాఠం నేర్చుకున్నాడు. చూడండి, ఇది కూడా రోగి నేర్పిందే. మనిషిలో కోరిక ఒకవైపు లాగుతుంటే భయం, మర్యాద ఇంకోవైపు లాగుతాయి. ఆ పెనుగులాట చాలామటుకు మన ఎరుకకు అందకుండా జరుగుతుంది. ఈ బలాల లాగులాటకే డైనమిక్ అని పేరు.

తర్వాత ఫ్రాయిడ్‌తో కలిసి నడిచిన అడ్లర్, యూంగ్ ఆయన నుంచి విడిపోయారు. మెలనీ క్లైన్, విన్నికాట్ తల్లీబిడ్డల బంధం మీద దృష్టి పెట్టారు. వారానికి ఐదారు రోజులు సోఫా మీద పడుకొని ఏళ్ళకేళ్ళు సాగే పద్ధతి, 1940ల నుంచి ఎదురెదురుగా కూర్చుని వారానికి ఒకటి రెండు గంటలు మాట్లాడుకునే పద్ధతిగా మారుతూ వచ్చింది. నేటి సైకోడైనమిక్ థెరపీ అదే.

మన దేశానికి ఇది తొందరగానే వచ్చింది. కోల్‌కతాలో డాక్టర్ గిరీంద్రశేఖర్ బోస్ 1922లో పార్శీబాగాన్ వీధిలోని తన ఇంట్లోనే ఇండియన్ సైకోఎనలిటికల్ సొసైటీ పెట్టాడు. ఫ్రాయిడ్‌తో ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిపాడు, ఒప్పుకోని చోట ఒప్పుకోనని రాశాడు. 1931లో ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకు ఆ సొసైటీ దంతపు విష్ణుమూర్తిని పంపితే, ఆయన దాన్ని తన రాతబల్ల మీద పెట్టుకున్నాడు.

కోల్‌కతాలో అంత జరిగినా, నిజాం రాజ్యంలోని కరీంనగర్, ఆదిలాబాద్ జనానికి మానసిక వైద్యమంటే ఎక్కడో జాల్నాలోని పిచ్చాసుపత్రి. 1953లో అది హైదరాబాదు ఎర్రగడ్డకు మారింది. అప్పటి నుంచి ఎర్రగడ్డ అన్నది ఊరి పేరు కాకుండా పోయి తిట్టయింది. ఆ ఒక్క తిట్టు ఎంతమందిని వైద్యానికి దూరం చేసిందో లెక్కకట్టలేం. మన దగ్గర ఈ ఆలోచన ఆసుపత్రి కంటే ముందు నవలల్లోకి వచ్చింది. బుచ్చిబాబు "చివరకు మిగిలేది"లో దయానిధి తల్లి నీడను మోస్తూ బతుకంతా తిరుగుతాడు. వరంగల్ జిల్లా బిడ్డ నవీన్ 1969లో వచ్చిన "అంపశయ్య"లో ఒక విద్యార్థి మనసులో ఒక్క రోజులో పారే ఆలోచనలను పేజీల మీద పరిచాడు. తోచింది తోచినట్టు చెప్పడమంటే ఏమిటో తెలుగువాళ్ళు అక్కడ చదువుకోవచ్చు.

గదిలో జరిగేదేమిటో చెప్పాలంటే ఒక ఊహ చేస్తాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు. జగిత్యాల వైపు ఒక ఊరు. 32 ఏళ్ళ ఆమె ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చేస్తుంది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టే ఆ వేళ్ళు మెదడు చెప్పకుండానే కదులుతాయి. భర్త దుబాయిలో ఉంటాడు. సెలవుకొచ్చి తిరిగి వెళ్ళిన ప్రతిసారీ ఆమెకు గుండె పట్టేస్తుంది, ఊపిరాడదు, వేళ్ళు వంకర్లు పోతాయి. ఈసీజీ నార్మల్. స్కానింగ్ నార్మల్. వారానికోసారి కౌన్సెలింగ్ మేడం దగ్గరికి వస్తుంది. మొదటి నెలంతా ఒకటే మాట. "ఏం లేదు మేడం, మంచిగనే ఉన్న."

మేడం తొందరపడదు. ఒకరోజు మాటల్లో ఆరేళ్ళ వయసు బయటికొస్తుంది. నాయన భీవండి మగ్గాలకు పోతున్న పొద్దు. బస్సు కదులుతుంటే ఏడుపొచ్చింది. "పోయేటప్పుడు ఏడ్వద్దే, అపశకునం" అని అమ్మ నోరు మూసింది. ఆ చెయ్యి వాసన, పసుపూ మిరపకారమూ కలిసిన వాసన, ఇప్పటికీ గుర్తు. నాయన మూడేళ్ళదాకా రాలేదు. ఈ సంగతి చెప్పినంత మాత్రాన గుండెపట్టు పోదు. సినిమాల్లో అట్లా చూపిస్తారు గానీ అసలు పని అప్పుడే మొదలవుతుంది.

మేడం రెండు వారాలు సెలవు పెడుతుంది. మేడం తిరిగొచ్చాక, బీడీలు చేసే ఆమె ఒక వారం రాదు, మరో వారం అరగంట ఆలస్యంగా వస్తుంది. "మీ ఇష్టం మేడం, మాకేంది?" అంటుంది. మేడం నొచ్చుకోదు. "నేను పోయినందుకు నా మీద కోపమొచ్చిందా అమ్మా?" అని అడుగుతుంది. ఆమె తల వంచుకుంటుంది. చాలాసేపటికి, "అందరూ పోతనే ఉంటరు. నేను నవ్వుకుంట సాగనంపాలె," అంటుంది. నాయన మీద, భర్త మీద పెట్టుకోలేని కోపం మేడం మీదికి వచ్చింది. దీన్నే ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. కోపం చేసినా ఈ మనిషి పారిపోలేదు, తిట్టలేదు, ఊరికి చెప్పలేదు. అది ఆమెకు కొత్త. బుద్ధిమాటలు చెప్పేవాళ్ళు ఇంట్లో చాలామంది ఉన్నారు. కోపాన్ని తట్టుకొని కూర్చునే మనిషి దొరకడమే అరుదు.

ఇది పనిచేస్తుందా? 2010లో అమెరికా మనస్తత్వవేత్త జోనథన్ షెడ్లర్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల సమీక్షలను కూర్చి, మిగతా మాటల వైద్యాలకు ఇది తీసిపోదని, చికిత్స ఆగాక కూడా మేలు పెరుగుతూ పోతుందని రాశాడు. 2015లో లండన్ టావిస్టాక్ క్లినిక్, మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 129 మంది మీద అధ్యయనం ప్రచురించింది. 18 నెలల మాటల వైద్యం చేస్తే, తేడా గట్టిగా కనిపించింది చికిత్స ముగిసిన తర్వాతి రెండేళ్ళలో. అయితే స్కిజోఫ్రెనియా, బైపోలార్ వంటి జబ్బులకు మందులు తప్పనిసరి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తున్న మనిషిని ముందు కాపాడుకోవాలి, బాల్యం సంగతి తర్వాత. 2022 నుంచి 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీమానస్ వాళ్ళు డబ్బు తీసుకోకుండా మాట్లాడతారు.

కరీంనగర్ చుట్టూ మెడికల్ కాలేజీలు వచ్చాక సైకియాట్రీ డాక్టర్లు దగ్గరయ్యారు. మందు చీటీ దొరుకుతోంది. వారం వారం గంటసేపు కూర్చుని వినే మనిషి మాత్రం దొరకడం కష్టం. దొరికినా ఏ భాషలో వింటారన్నది నన్ను తొలిచే ప్రశ్న.

ఒక ఆసుపత్రి వరండాలో చూశాను. ఉట్నూరు వైపు నుంచి వచ్చిన గోండు ఆమె, పక్కన ఆమె భర్త, ఎదురుగా తెలుగు తప్ప రాని డాక్టరు. ఏమైందని డాక్టరు అడిగితే ఆమె గోండిలో మొదలుపెట్టింది. చెప్తూ చెప్తూ ఒకచోట గొంతు జీరబోయింది, చెయ్యి కడుపు మీదికి పోయింది, మళ్ళీ ఎక్కడో దూరంగా ఎవరినో చూపిస్తున్నట్టు లేచింది. అయిదు నిమిషాలు చెప్పింది. డాక్టరు భర్త వైపు చూశాడు.

"తలనొప్పి అంటాంది సార్," అన్నాడతను.

డాక్టరు చీటీ మీద అదే రాసుకున్నాడు. ఆమె ఇంకా చెప్తూనే ఉంది.