ట్రూమన్‌కు నిజాం చేసిన దర్ఖాస్తు: అమెరికా ఎందుకు కదలలేదు?



గద్వాలలో గానీ, వనపర్తిలో గానీ, నాగర్‌కర్నూల్‌లో గానీ మన బుజుర్గుల దగ్గర కాసేపు కూర్చుంటే ఎప్పుడో ఒకప్పుడు 1948 జిక్ర్ వస్తుంది. వచ్చినప్పుడల్లా ఒక మాట వినబడుతుంది: "అమెరికా తలుచుకుంటే పోలీస్ యాక్షన్ ఆగేది." పక్కనున్న నౌజవాన్లు వెంటనే ఇంకో మాట అంటారు: "అమెరికాకు ముసల్మాన్లంటేనే దుష్మనీ, ఎందుకు ఆపుతుంది?" నా దృష్టిలో ఈ రెండు మాటలూ తారీఖ్ ముందు నిలబడవు. ఎందుకో ఈ మజ్మూన్‌లో చెప్తాను.

ముందు వాకియాలు చూద్దాం. 1948లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అమెరికా సదర్ హ్యారీ ట్రూమన్‌ను మధ్యవర్తిత్వం చేయమని కోరారు. ఆ దర్ఖాస్తు ఫలించలేదు. ఆగస్టు 21న హైదరాబాద్ హుకూమత్ ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబర్ 11న జిన్నా ఇంతెకాల్ అయ్యారు. 13న భారత ఫౌజ్ సరిహద్దు దాటింది. 16న పారిస్‌లో భద్రతా మండలి ఆ ఫిర్యాదును చర్చకు తీసుకుంది. నవాబ్ మొయిన్ నవాజ్ జంగ్ హైదరాబాద్ తరఫున మాట్లాడారు. మరుసటి రోజే, అంటే 17న, ఇక్కడ అంతా అయిపోయింది. 22న నిజాం ఫిర్యాదును వాపస్ తీసుకుంటున్నట్టు తార్ పంపారు.

ఆ నెలల్లో అమెరికా కళ్ళు ఎక్కడున్నాయి? జూన్‌లో సోవియట్ రష్యా బెర్లిన్‌కు దారులు మూసేసింది. అమెరికా విమానాలు బొగ్గు, పిండి మోసుకుపోయి ఆ షహర్‌ను బతికిస్తున్నాయి. నవంబర్‌లో ట్రూమన్‌కు సదారత్ ఎన్నిక ఉంది. ఫలస్తీన్‌లో జంగ్ నడుస్తోంది. మన దగ్గర హథియార్లు పడేసిన ఆ సెప్టెంబర్ 17నే జెరూసలేంలో సమితి రాయబారి కౌంట్ బెర్నడాట్‌ను కాల్చి చంపారు. ఇంత గడబిడలో దక్కన్ మాట వాళ్ళ చెవిన పడడమే కష్టం.

తీరిక లేకపోవడం ఒక్కటే కారణం కాదు. మన సంస్థానాల హాల్ తెలిసినవాళ్ళకు ఇంకో కారణం తేలికగా అర్థమవుతుంది. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ రాజధానిగా ఉన్న జటప్రోలు, ఇవన్నీ నిజాంకు పేష్కష్ కట్టి లోపల తమ పాలన తాము చేసుకునేవి. ఏసీ గార్డ్స్ అని హైదరాబాద్‌లో మహల్లా ఉంది కదా, ఆ పేరు వనపర్తి రాజా దగ్గరి నుంచి నిజాం కొలువుకు వెళ్ళిన హబ్షీ సవార్ల వల్ల వచ్చిందే. చిన్న రాజ్యం పెద్ద రాజ్యం నీడలో బతికినన్నాళ్ళూ దానికి బయట సొంత దోస్తులు ఉండరు. నిజాం హాల్ కూడా అదే, ఒక మెట్టు పైన. 1798, 1800 ఒడంబడికలతో ఆయన పూర్వీకులు కంపెనీ ఫౌజ్‌ను హిఫాజత్ కోసం ఒప్పుకున్నారు. ఆ ఫౌజ్ ఖర్చు కింద తుంగభద్ర అవతలి దత్త మండలాలు ఇచ్చేశారు. విదేశీ వ్యవహారాలు కూడా అప్పుడే చేజారాయి. 1947 నవంబర్ 29న చేసుకున్న యథాతథ ఒప్పందంలో ఆ వ్యవహారాలు బ్రిటిష్ వాళ్ళ చోట భారత్ చేతికి వచ్చాయి. నూటయాభై ఏళ్ళు పరాయి దేశాలతో ఖుద్ మాట్లాడని దర్బార్, గండం వచ్చాక వాషింగ్టన్ తలుపు తట్టింది. ఇదంతా మా అందరూనీ మామలా అని భారత్ అంటోంది. తలుపు తెరవడానికి అమెరికాకు ఏ మఫాద్ కనబడలేదు.

"ట్రూమన్ డెమోక్రాట్ కాబట్టి అట్లా అయింది, గట్టి కన్సర్వేటివ్ ఉంటే వేరేగా ఉండేది" అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ కోసం అమెరికా కన్సర్వేటివ్‌ల ఫిక్ర్‌ను కొంచెం విప్పి చూద్దాం. బయటి నుంచి ఒకే గొంతులా వినబడుతుంది గానీ, అది డెబ్భై ఏళ్ళకు పైగా నడుస్తున్న ఇంటి తగాదా.

మొదటి ధోరణి ఒహాయో సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్‌ది. మన ఇల్లు మనం చూసుకుందాం, పరాయి జగడాల్లోకి ఫౌజ్‌ను పంపే వాదాలు వద్దు అనేవాడు. 1949లో నాటో ముఆహిదాకు వ్యతిరేకంగా ఓటేసిన పదముగ్గురు సెనేటర్లలో ఆయన ఒకడు. రెండో ధోరణి జేమ్స్ బర్న్‌హామ్‌ది. 1955లో మొదలైన నేషనల్ రివ్యూ పత్రికలో ఏళ్ళ తరబడి రాశాడు. కమ్యూనిజాన్ని కట్టడి చేస్తే చాలదు, వెనక్కి నెట్టాలి అనేది ఆయన నజరియా. మూడోది జీన్ కర్క్‌పాట్రిక్‌ది. 1979లో కామెంటరీ పత్రికలో ఆమె రాసిన వ్యాసం రేగన్‌కు నచ్చి, ఆమెను సమితిలో రాయబారిని చేశాడు. కమ్యూనిస్టు హుకూమత్‌ల కంటే అమెరికాకు దోస్తులైన బాద్‌షాలు, ఫౌజీ పాలకులు నయం, వాళ్ళను మధ్యలో వదిలేయొద్దు అని ఆమె దలీల్.

ఇప్పుడు ఈ మూడు తరాజుల్లో హైదరాబాద్‌ను తూచి చూడండి. టాఫ్ట్ అయితే అది మన పని కాదంటాడు. బర్న్‌హామ్ అయితే నల్లగొండలో సాయుధ పోరాటం చేస్తున్న కమ్యూనిస్టుల వైపు చూస్తాడు. 1948 మేలో వాళ్ళ పార్టీ మీద నిషేధం ఎత్తేసింది నిజాం హుకూమతే అని తెలిస్తే ఆయన షక్ ఇంకా పెరుగుతుంది. కర్క్‌పాట్రిక్ తరాజులో బాద్‌షాకు కొంత చోటుంది, కానీ ఆ బాద్‌షా అమెరికాకు పనికొచ్చే దోస్త్ అయి ఉండాలి. సముద్రం లేని, చుట్టూ భారత్ ఉన్న రియాసత్ కోసం కమ్యూనిస్టు కాని అంత పెద్ద దేశంతో ఎవరు వైరం పెట్టుకుంటారు? మూడింటి జవాబూ ఒకటే: లేదు. ఇందులో మన మజ్‌హబ్ మీద దుష్మనీ వెతకాల్సిన పని లేదు.

ఈ ఇంటి తగాదా తర్వాత కూడా సాగింది. 2002లో ప్యాట్ బుకానన్, ఆయన సాథీలు ది అమెరికన్ కన్సర్వేటివ్ అనే పత్రిక పెట్టి ఇరాఖ్ జంగ్‌ను ముఖాలిఫత్ చేశారు. 2003లో నేషనల్ రివ్యూలో డేవిడ్ ఫ్రమ్ వాళ్ళను దేశభక్తి లేనివాళ్ళుగా నిలబెట్టాడు. అటు ఇటు ఇద్దరూ కన్సర్వేటివ్‌లే.

పాలమూరులో కూర్చుని ఇదంతా ఎందుకంటారా? ఆ తగాదాలో ఎవరు గెలిస్తే దాని అసర్ మన ఇళ్ళ దాకా వస్తుంది కాబట్టి. 1990లో సద్దాం కువైట్ మీదికి వెళ్ళాక, దాదాపు లక్షా డెబ్భై వేల మంది భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో వాపస్ తేవాల్సి వచ్చింది. 2001 దాడుల తర్వాత నేషనల్ సెక్యూరిటీ పేరిట అమెరికా పాతిక దేశాల మగవాళ్ళను రిజిస్టర్ చేయించుకోమంది. అందులో ఉత్తర కొరియా తప్ప అన్నీ ముస్లిం దేశాలే. భారత్ ఆ జాబితాలో లేదు. 80 వేలకు పైగా మంది రిజిస్టర్ అయ్యారు, వారిలో ఒక్కరి మీద కూడా దహ్షత్‌గర్దీ నేరం రుజువు కాలేదు. షికాగోలో చదివే కొడుకు, జిద్దాలో పనిచేసే తమ్ముడు ఉన్న ఇంటికి ఆ పాలసీ ఖబర్ దూరపు సంగతి కాదు. అందుకే అమెరికాలో ఎవరైనా సెక్యూరిటీ గురించి మాట్లాడితే, ఏ ధోరణి మనిషి, ఏ మఫాద్ చూస్తున్నాడు అని ముందు అడగాలి. ఒక్క గొంతు విని "అమెరికా ఇట్లా అంది" అనేస్తే మన పిల్లలకు తప్పు సలహా ఇస్తాం.

మళ్ళీ 1948కి వస్తాను. అమెరికా రాలేదనడం వేరు, జరిగిందంతా సరే అనడం వేరు. సుందర్‌లాల్ కమిటీ తన రిపోర్టులో రియాసత్ మొత్తం మీద 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటే ఎక్కువ నష్టపోయాయని చెప్పింది. అంతకు ముందు రజాకార్ల జుల్మ్‌కు కాలిన ఊళ్ళ గమ్ కూడా అంతే నిజం. రెండూ చెప్పకపోతే ఇన్సాఫ్ కాదు.

ఖలం పట్టి బతికే మనిషిగా నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇంకొకటి. హైదరాబాద్ హుకూమత్ సమితికి ఫిర్యాదు పంపిన ఆ ఆగస్టు రోజుల్లోనే ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాద్‌లో దారికాచి చంపారు. రియాసత్ భారత్‌లో కలవాలని రాయడమే ఆయన చేసిన కసూర్. పారిస్‌లో ఇన్సాఫ్ అడిగిన సర్కార్ తన రాజధాని గల్లీలో ఒక ముసల్మాన్ ఎడిటర్ ప్రాణం కాపాడలేకపోయింది. ఊళ్ళో రైతు, పక్కింటి హిందూ భాయ్, సొంత ఖౌమ్‌లోని ముఖాలిఫ్ గొంతు, వీళ్ళ భరోసా పోగొట్టుకున్న హుకూమత్‌కు వాషింగ్టన్ భరోసా దొరికినా ఎన్నాళ్ళు నిలిచేది?

మీ ఇంట్లో పిల్లలు ట్రూమన్ సంగతి అడిగితే చెప్పండి. షోయబుల్లా ఖాన్ సంగతి అడగకపోయినా చెప్పండి.