భవనాశిని బండల మీదికి ఏ చెప్పులు?

ఎగువ అహోబిలంలో ఆటో దిగీదిగగానే కట్టెలమ్మే పెద్దాయన మీ మొహం చూడడు, కాళ్ళు చూస్తాడు. గోడకు ఆనించిన వెదురు కట్టెల్లోంచి ఒకటి లాగి మీ చేతిలో పెడుతూనే, మీ వెనక దిగిన కుర్రవాడి బూట్ల దగ్గర ఆయన చూపు ఆగిపోతుంది. తెల్లటి బూట్లు, అడుగున స్పాంజిలాంటి మందపాటి అట్ట.

"యాడికి నాయనా, జ్వాలకా? ఈటితోనేనా?"

"కొత్తవి తాతా. మొన్ననే కొన్నా."

"కొత్తయి అయితే ఏంది. ఆడ బండకు కొత్తా పాతా తెల్దు. తడి కాడ చూసి పో."

కుర్రవాడు నవ్వి ముందుకు వెళ్ళిపోతాడు. పెద్దాయన మీ కాళ్ళకేసి ఒకసారి తల ఊపుతాడు. అది మెప్పో, 'సరేలే' అనడమో తెలియదు. కార్తీక మాసం. ఎండ ఇంకా కొండ దాటి లోయలోకి దిగలేదు. రెండు రోజుల కింద వాన కురిసింది కాబోలు, ఆగిన చోటి నుంచే భవనాశిని ఏటి హోరు వినిపిస్తోంది. కర్నూలు, కడప జిల్లాల ఎండిన నేలల మీదుగా వచ్చినవాళ్ళకు ఈ చప్పుడే సగం దర్శనం.

చుట్టూ ఉన్న పాదాలు చూడండి. పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపుకున్న ఒకావిడ మడమల చెప్పులు వేసుకుంది. ఆమె భర్తవి ఆఫీసుకు వేసుకెళ్ళే తోలు బూట్లు. పిల్లలవి హవాయి చెప్పులు. తమిళనాడు నుంచి వచ్చిన వైష్ణవ వృద్ధుడొకాయన పంచెకట్టుతో, వట్టి కాళ్ళతో, అందరికన్నా నిబ్బరంగా నడుస్తున్నాడు. ఈ పాదాలన్నీ ఒకే దారిన పోవాలి. ముందు తారు, తర్వాత మెట్లు, ఆ తర్వాత ఏరు, మళ్ళీ మెట్లు, చివర జలపాతం తుంపర కింద జ్వాలా నరసింహుడి గుడి. తిరుమంగై ఆళ్వార్ పది పాశురాల్లో ఈ క్షేత్రాన్ని పాడినప్పుడే ఇక్కడికి చేరడం ఎంత కష్టమో చెప్పాడు. ఇప్పుడు దిగువ అహోబిలం నుంచి ఇక్కడిదాకా ఎనిమిది కిలోమీటర్లు రోడ్డు ఉంది. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి మాత్రం ఆళ్వార్ చెప్పిన దారే.

మీ కాళ్ళకున్నవి నిన్న సాయంత్రం ఆళ్ళగడ్డలో కొన్నవి. సాయంత్రమే ఎందుకంటే, పగలంతా తిరిగిన పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. కొండ ఎక్కేటప్పుడూ అలాగే ఉబ్బుతుంది. పొద్దున్నే కొన్న జోడు మధ్యాహ్నానికి వేళ్ళను కరుస్తుంది. వీధిలో రాతిపొడి వాసన. ఆళ్ళగడ్డ శిల్పుల ఊరు కదా, ఉలి చప్పుడు దుకాణం లోపలికీ వస్తూనే ఉంది. దుకాణదారు ముందుగా తీసింది చీలమండ దాకా వచ్చే బరువైన ట్రెక్కింగ్ బూటు. అడుగున లోతైన పళ్ళు.

"కొండకంటే ఇదే అన్నా. మంచు కొండలకు పోయేటోళ్ళు గూడా ఇదే కొంటారు."

ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. అలాంటి పళ్ళున్న రబ్బరు అడుగును ఇటలీ పర్వతారోహకుడు విటాలే బ్రమానీ 1937 ప్రాంతంలో తయారు చేశాడు. అంతకు రెండేళ్ళ ముందు ఆల్ప్స్‌లో సరైన బూట్లు లేక ఆయన తోటివాళ్ళు ఆరుగురు చనిపోయారు. ఆయన ఇంటిపేరూ పేరూ కలిసి వైబ్రమ్ అయింది. మంచులో, బురదలో, రాళ్ళ పొడిలో ఆ పళ్ళు దిగబడి పట్టు ఇస్తాయి. కానీ ఏరు నున్నగా చేసిన బండలో దిగబడడానికేముంది? పళ్ళ కొసలు మాత్రమే రాతిని తాకుతాయి, మధ్యలో అంతా ఖాళీ. పైగా ఆ బూటులోకి నీళ్ళు దిగాయంటే బయటికి పోయే దారి లేదు. వాన రాకుండా కుట్టిన బూటు లోపలి నీటినీ అలాగే పట్టి ఉంచుతుంది. రెండు చేతులా పట్టుకుని వంచి చూశారు. వంగలేదు. పక్కన పెట్టించారు.

తర్వాత వచ్చింది ఫోమ్ చెప్పు, చేతిలో బరువే తెలియదు. బొటనవేలి గోటితో దాని అడుగు నొక్కారు. పైన గీత పడింది కానీ రబ్బరులో ఉండే జిగురు పట్టు లేదు. "కొంచెం నీళ్ళు పోయండి" అని గడప దగ్గరున్న నాపబండ చూపించారు. "నీళ్ళేంది సార్?" అంటూనే చెంబెడు పోశాడు. తడి బండ మీద ఆ చెప్పు పెట్టి, బరువు వేసి ముందుకు తోస్తే సర్రున జారింది. అదే బండ మీద పాత రకం కాన్వాస్ బూటు, మెత్తటి రబ్బరు అడుగుది, పెట్టి తోస్తే కిర్రుమని ఆగింది. ఆ చప్పుడుకు దుకాణదారు కూడా కౌంటరు దాటి వచ్చి ఇంకో జోడు తానే పరీక్షించాడు.

కాన్వాస్ బూటు అడుగున లోతైన పళ్ళు లేవు, సన్నటి గీతలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. పాదం వంగినప్పుడు ఆ గీతలు విచ్చుకుంటాయి, కింద చిక్కిన నీటి పొరకు దారి ఇస్తాయి, రబ్బరు రాతిని తాకుతుంది. 1935లో అమెరికాలో పాల్ స్పెరీ పడవల డెక్కు మీద జారని బూటు కోసం వెతుకుతూ, మంచు మీద పరుగెత్తే తన కుక్క అరికాలి గీతలు చూసి రబ్బరు మీద అలాంటివే కోశాడు. ఆ ఆలోచనే ఈ చవక బూటుకూ అబ్బింది. లోపలి వైపు రెండు చిన్న కన్నాలున్నాయి. గాలి కోసం పెట్టినవే అయినా నీళ్ళూ వాటిలోంచే పోతాయి.

ఋషికొండ దగ్గర సముద్రంలో స్కూబా డైవింగ్ చేసేవాళ్ళు కాళ్ళకు ఫిన్స్ ఎంచుకునే తీరు తెలిస్తే ఈ బేరం ఇంకా బాగా అర్థమవుతుంది. ఫిన్‌లో రెండు రకాలు. వట్టి పాదానికి నేరుగా తొడిగేది ఒకటి. మడమ దగ్గర తెరిచి ఉండి, లోపల రబ్బరు బూటు వేసుకుని పట్టీతో బిగించేది ఇంకొకటి. రెండో రకం కొనేవాడు నీళ్ళలో ఏ బూటు వేసుకుంటాడో దాన్నే వేసుకుని దుకాణంలో తొడిగి చూడాలి. బిగువైతే పిక్క పట్టేస్తుంది, వదులైతే మడమ ఒరుసుకుపోతుంది, ఒక్కోసారి ఫిన్ జారి నీటి పాలవుతుంది. మరీ గట్టి రెక్క బలమైన కాళ్ళకే పనికొస్తుంది. ఖరీదైనదే మంచిదని అక్కడ ఎవరూ అనరు. తడిసినప్పుడు పాదంతో కలిసి కదులుతుందా, నీ కాలి బలానికి తగ్గదేనా అని చూస్తారు. జ్వాల దారికి కాలిజోడు కొనేటప్పుడు అడగాల్సినవీ ఇవే. అందుకే మీరు రేపు వేసుకోబోయే మేజోళ్ళు తొడుక్కుని, మడమ లేస్తుందేమోనని మునివేళ్ళ మీద నిలబడి చూసుకుని, అప్పుడు డబ్బులిచ్చారు.

ఇప్పుడు ఎగువ అహోబిలం గుహలోని ఉగ్ర నరసింహుడి దర్శనం అయిపోయింది. గుడి వెనక నుంచి దారి లోయలోకి మలుపు తిరుగుతుంది. రెండు పక్కలా ఎర్రటి రాతి గోడలు, పలకలు పలకలుగా పేర్చినట్టు. నల్లమల క్వార్ట్‌జైట్ ఇది. ఒకప్పటి ఇసుక, భూమి అడుగున వేడికీ ఒత్తిడికీ గట్టిపడిన రాయి. పొడిగా ఉన్నప్పుడు గరుకుగా కాలిని పట్టుకుంటుంది. ఏటి మధ్యలో పడి నీళ్ళు రుద్దినదైతే గాజులా ఉంటుంది. మీరు మొదటి వంతెన దాటుతారు. కమ్మీల మీద కోతులు. సంచిలో అరటిపళ్ళుంటే ఇక్కడే వాటికి సమర్పణ.

వరాహ నరసింహస్వామి గుడి దగ్గర బూట్లు విప్పుతారు. తడి రాతి మీద వట్టి పాదం పెట్టగానే చలి మోకాళ్ళ దాకా ఎక్కుతుంది. ఆశ్చర్యం, పాదం జారడం లేదు. వేళ్ళు వాటంతట అవే విచ్చుకుని రాతిని పట్టుకుంటున్నాయి. వట్టి కాళ్ళతో మొక్కుకున్నవాళ్ళను చూసి 'ఎలా నడుస్తారో' అని జాలిపడే పట్టణంవాళ్ళకు ఇది తెలియదు. తడి బండ మీద అలవాటైన అరికాలు చాలా చెప్పులకన్నా నయం. చిక్కంతా మధ్యలో వచ్చే కంకర దగ్గర, విరిగిన రాతి అంచుల దగ్గర, ముళ్ళ దగ్గర. ఏళ్ళ తరబడి చెప్పుల్లో మెత్తబడిన కాలు వాటికి ఓర్చుకోలేదు. మీకు అలవాటు లేకపోతే, మొక్కు లేకపోతే, జోడు వేసుకోవడంలో అపచారం లేదు. గడప దగ్గర విప్పితే చాలు.

ఇక అసలు చోటు. దారి ఏటిలోకి దిగిపోతుంది. నీళ్ళు మోకాలి కిందికే, కానీ ఊపు ఉంది. నీళ్ళలోకి చూసే ముందు రాళ్ళ రంగు చూడండి. తెల్లగా పొడిగా ఉన్నవి సరే. ఎర్రగా తడిసినవీ పరవాలేదు. నల్లగా నిగనిగలాడుతూ అంచుల్లో పచ్చని ఛాయ తిరిగినవి చూశారా, అవి పాచి పట్టినవి. తుంపర పడే చోట, నీళ్ళు నిలిచే అంచున పాచి దట్టంగా పడుతుంది. కట్టెను ప్రవాహానికి ఎదురుగా, ఎగువ వైపు ఆనించండి. మోకాలు కాస్త వంచి, పాదం మొత్తం ఒకేసారి మోపండి. రాయి మీంచి రాయి మీదికి గెంతకండి, రాళ్ళ మధ్య ఇసుకలో కాలు పెట్టండి. బూటు తడుస్తుందని భయమెందుకు? తడవడానికే కదా దాన్ని తెచ్చుకుంది.

నీళ్ళు బూటులోకి చొరబడతాయి. రెండు అడుగులు బరువు. మూడో అడుగుకు పక్క కన్నాల్లోంచి చిన్న చిన్న ధారలు బయటికి చిమ్ముతాయి. మేజోడు పాదానికి అంటుకుపోతుంది, మడమ లేవదు. నిన్న బిగించి చూసుకున్నందుకు ఫలం ఇక్కడ దక్కుతోంది.

ఎదురుగా తెల్ల బూట్ల కుర్రవాడు. పాచి రాయి మీద కాలు పెట్టాడు, జారాడు, రెండు చేతులూ రాతికి ఆనించి కూలబడ్డాడు. దెబ్బ తగల్లేదు. లేవబోతే మళ్ళీ అదే.

"తమ్ముడూ, ఇప్పెయ్. చేతికి తగిలించుకో" అంటాడు పై నుంచి దిగుతున్న డోలీ మనిషి. డోలీలో కూర్చున్న పెద్దావిడ కళ్ళు మూసుకుని నామం చెప్పుకుంటోంది. ముందు పట్టినవాడికి మడమ పట్టీ ఉన్న ప్లాస్టిక్ చెప్పులు, అరిగి అరిగి పాదం ఆకారానికి వచ్చినవి. వెనక పట్టినవాడివి వట్టి కాళ్ళు. భుజాన ఇంకొకరి ప్రాణం మోస్తూ ఈ ఏరు దాటేవాళ్ళకు జారే హక్కు లేదు. ఆ రోజు నీళ్ళకు ఏ జోడు ఆగుతుందో వాళ్ళను మించి తెలిసినవాళ్ళెవరూ ఈ కొండలో లేరు. ఎక్కే ముందు వాళ్ళను ఒక్క మాట అడిగితే ఎన్ని నడుములు మిగులుతాయో.

కుర్రవాడు బూట్లు విప్పి తాళ్ళు కలిపి మెడలో వేసుకుంటాడు. వట్టి కాళ్ళతో ఏరు సునాయాసంగా దాటాడు. అవతలి కంకరలో మాత్రం అడుగు అడుగుకూ మూలుగుతున్నాడు. మీ దగ్గరున్న అదనపు మేజోళ్ళలో దళసరి జత ఇవ్వండి. తడి రాతి మీద మేజోడు కూడా ఫోమ్ అట్టకన్నా బాగా పట్టుకుంటుంది. జపాన్‌లో కొండవాగుల వెంట ఎక్కేవాళ్ళు గడ్డితో అల్లిన వరాజీ చెప్పులు ఇందుకే వేసుకునేవారు. తడిసిన పీచు పాచిలోంచి రాతిని పట్టుకుంటుంది. చేపలు పట్టేవాళ్ళు బూటు అడుగున ఉన్ని అట్ట వేసుకునేదీ అందుకే. ఆ అట్టలో చిక్కిన పాచి ఒక ఏటి నుంచి ఇంకో ఏటికి పాకుతోందని న్యూజిలాండ్ 2008లో వాటిని నిషేధించింది. ఏ ఏటిలో దిగినా బయటికొచ్చాక బూటు కడిగి బాగా ఆరబెట్టడం మంచి అలవాటు.

తర్వాతంతా మెట్లే. ఆయాసం. చివరి మలుపులో తలెత్తితే కొండ పెదవి నుంచి నీళ్ళు జారుతున్నాయి. వేసవిలో చినుకులే. ఇప్పుడు తెరలా పడుతూ గాలికి ఇటూ అటూ ఊగుతున్నాయి. దారి ఆ తెర కిందుగానే. బండంతా తడి, పక్కన లోయ. ఇక్కడ తొందరపడకండి. లోపలి గోడకు ఒక చెయ్యి ఆనించి, చిన్న చిన్న అడుగులు. నెత్తిన పడే నీళ్ళకు ఒళ్ళు ఝల్లుమంటుంది. కాలు మాత్రం నిలిచే ఉంటుంది. లోపల ఎనిమిది చేతుల జ్వాలా నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి ఒడిలో వేసుకుని చీలుస్తున్నాడు. బూట్లు బయటే. పక్కన రక్తగుండం నీళ్ళు.

దర్శనమయ్యాక కొందరు ఉగ్రస్తంభం వైపు చూస్తారు. కొండ నెత్తిన చీలిన ఆ రాతికంబం నుంచే స్వామి వెలిశాడని నమ్మకం. మీకూ పోవాలని ఉంటుంది. ఇప్పుడు మళ్ళీ కాళ్ళ వంక చూసుకోండి. ఏటికి తెచ్చిన పల్చని అడుగు ఇది. రాళ్ళు కదిలే నిట్టనిలువు దారిలో ప్రతి మొన అరికాలికి తెలుస్తుంది. పైగా తడిసి ఉంది. ఆ దారికి కాస్త గట్టి అడుగున్న పొడి బూటు కావాలి, దారెరిగిన మనిషి తోడు కావాలి, వాన లేని రోజు కావాలి. వీటిలో మొదటి రెండూ మీ దగ్గర లేవు. అక్కడికి ఇంకోసారి.

మెట్ల మీద కూర్చోండి. మేజోళ్ళు పిండి, పొడివి తొడుక్కోండి. దిగేటప్పుడు పాదం ముందుకు జారుతుంది కాబట్టి తాడును వేళ్ళ దగ్గర వదులుగా, చీలమండ దగ్గర గట్టిగా కట్టండి. నిన్న బొటనవేలి ముందు వేలెడు జాగా వదిలి కొన్నారు గనుక గోళ్ళకు దెబ్బ తగలదు. ఏరు మళ్ళీ దాటాలి, మాలోల నరసింహుడి దర్శనం ఇంకా మిగిలే ఉంది, ఎండ లోయలోకి దిగింది. లేవండి.