ఒకే దేశంలో రెండు కోర్టులు: మలేషియా చట్టాల కథ

కొత్తగా వచ్చిన మనవాళ్ళు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఇక్కడ నడిచేది షరియా చట్టమా, మామూలు చట్టమా?" అని. రెండూ నడుస్తాయి. ఎవరి మీద ఏది, ఎంతవరకు అన్నదే అసలు సంగతి. అది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

15వ శతాబ్దంలో మలక్కా సుల్తానుల కాలంలోనే ఇస్లాం ధర్మం, మలయ్ ఆచారం కలిసిన చట్టాలు ఇక్కడ ఉండేవి. తర్వాత బ్రిటిష్‌వాళ్ళు వచ్చారు. 1874 పాంగ్‌కోర్ ఒప్పందం ప్రకారం పేరాక్ సుల్తాను అన్ని విషయాల్లో బ్రిటిష్ రెసిడెంట్ సలహా పాటించాలి, మతం, మలయ్ ఆచారం తప్ప. అలా పాలన, నేరాలు, వ్యాపారం ఇంగ్లీషు పద్ధతి చట్టాల కిందికి పోయాయి. పెళ్ళి, విడాకులు, వారసత్వం లాంటివి మాత్రం ముస్లింలకు మత చట్టం కిందే మిగిలాయి. ఉత్తరాంధ్ర నుంచి మన పూర్వీకులు బగాన్ దాతో కొబ్బరి తోటలకు వచ్చింది కూడా ఆ బ్రిటిష్ కాలంలోనే.

1957లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు రాజ్యాంగంలో ఈ రెండిటినీ రాసుకున్నారు. 3వ అధికరణం ఇస్లాంను దేశ మతం అంది, మిగతా మతాలను శాంతిగా పాటించుకోవచ్చని కూడా అంది. 4వ అధికరణం రాజ్యాంగమే అన్నిటికన్నా పెద్ద చట్టం అంది. ఇస్లాం చట్టం చేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చారు, కానీ అది ముస్లింలకే వర్తిస్తుంది.

ముస్లిమేతరుల పెళ్ళిళ్ళకు 1976లో ఒక చట్టం చేసి, 1982 మార్చి 1 నుంచి అమలు చేశారు. ఒకరికి ఒకే భార్య, పెళ్ళి రిజిస్టర్ కావాలి అన్నారు. దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళు నిషేధించారు గానీ, హిందువులకు మేనమామ, మేనకోడలు పెళ్ళి మాత్రం ఆచారం ప్రకారం ఒప్పుకున్నారు. అంటే మామూలు చట్టంలో కూడా మన ఆచారానికి కొంత చోటు దొరికింది.

1988లో 121(1ఎ) అని ఒక చిన్న సవరణ వచ్చింది. షరియా కోర్టు పరిధిలోని విషయాల్లో హైకోర్టుకు అధికారం లేదు అన్నది దాని సారాంశం. ఒకే సైట్‌లో ఇద్దరు కాంట్రాక్టర్లుంటే ఎవరి పని వాళ్ళది బాగానే నడుస్తుంది, తగువంతా రెండు పనులు కలిసే చోటే వస్తుంది. ఇక్కడా అంతే. ఒక కుటుంబంలో ఒకరు మతం మారితే మిగతావాళ్ళు ఏ కోర్టుకు పోవాలి?

1997లో మలేషియా ఎవరెస్ట్ బృందంలో ఉన్న మూర్తి అనే సైనికుడు 2005 డిసెంబరులో చనిపోయాడు. ఆయన ఇస్లాం తీసుకున్నాడని మత అధికారులు అన్నారు, భార్య కాదంది. హైకోర్టు మాకు అధికారం లేదంది. ముస్లిం కాని భార్య షరియా కోర్టుకు పోలేదు. చివరికి ముస్లిం పద్ధతిలో ఖననం చేసేశారు.

2009లో ఈపో దగ్గర ఇందిరా గాంధీ అనే కిండర్‌గార్టెన్ టీచర్ భర్త ఇస్లాంలోకి మారి, ఆమెకు చెప్పకుండా ముగ్గురు పిల్లలనూ మార్పించాడు. ఆమె తొమ్మిదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగింది. 2018 జనవరి 29న ఫెడరల్ కోర్టు ఐదుగురు జడ్జీలూ ఒకే మాటగా, తల్లిదండ్రులిద్దరి ఒప్పుదల లేని ఆ మతమార్పిడి చెల్లదన్నారు. మతం మారిన భాగస్వామి నుంచి సివిల్ కోర్టులో విడాకులు అడగటానికి రెండోవారికి మాత్రమే కాదు, ఇద్దరికీ వీలిచ్చే సవరణ కూడా అదే ఏడాది అమల్లోకి వచ్చింది.

వాదన అక్కడితో ఆగలేదు. బ్రిటిష్‌వాళ్ళు మూలకు నెట్టిన చట్టానికి తిరిగి బలం ఇవ్వాలని ఒక పక్షం అంటుంది. షరియా కోర్టు శిక్షకు మూడేళ్ళ జైలు, 5,000 రింగిట్, ఆరు బెత్తం దెబ్బలు అనే హద్దుంది, దాన్ని పెంచాలని 2016లో పార్లమెంటులో బిల్లు కూడా పెట్టారు. రాజ్యాంగం గీసిన గీత దాటకూడదని రెండో పక్షం అంటుంది. 2024 ఫిబ్రవరి 9న ఫెడరల్ కోర్టు కెలంతన్ షరియా నేర చట్టంలో 16 సెక్షన్లను 8-1తో కొట్టేసింది. ఇది ఇస్లాం మీద తీర్పు కాదు, రాష్ట్రానికి ఆ చట్టం చేసే అధికారం ఉందా లేదా అన్నదే ప్రశ్న అని కోర్టు చెప్పింది.

ఇండియాలోనూ పెళ్ళి, వారసత్వం మతాన్ని బట్టి ఉంటాయి. కానీ అక్కడ ఏ చట్టమైనా తీర్పు చెప్పేది ఒకే కోర్టు వ్యవస్థ. ఇక్కడ కోర్టే వేరు. తేడా అదే.

ఇందులో మనకు పనికొచ్చేది ఏమిటి? జీతం, ఓవర్‌టైం, పాస్‌పోర్టు, సైట్‌లో దెబ్బలు, ఇవన్నీ మామూలు చట్టం కిందివే. లేబర్ ఆఫీసులో, పెర్కెసోలో మన మతం ఎవరూ అడగరు. మనలో ముస్లిం సోదరులకు మాత్రం రంజాన్‌లో బయట తినటం, మద్యం, పరాయి స్త్రీతో ఒంటరిగా ఉండటం లాంటి వాటి మీద రాష్ట్ర షరియా చట్టం కూడా వర్తిస్తుంది, విదేశీయులైనా సరే.

ఇక్కడ ముస్లింను పెళ్ళాడాలంటే మతం మారాలి. పని పర్మిట్ మీద వచ్చినవాళ్ళకు ఇక్కడ పెళ్ళే కూడదన్న షరతు ఉంది. మారాక వెనక్కి రావటం చాలా కష్టం. పోయాక అంత్యక్రియలు, ఆస్తి కూడా ఆ చట్టం ప్రకారమే, ముస్లిం కాని ఇంటివాళ్ళకు వారసత్వం రాదు. ఏ మతం తీసుకోవాలన్నది ఎవరి మనసు వాళ్ళది, దాన్ని కాదనటానికి మేమెవరం? కానీ కాగితం మీద సంతకం పెట్టేముందు అందులో ఏముందో చదివించుకోండి, ఊళ్ళో ఇంటివాళ్ళకు చెప్పండి. రేపు మన శవం కోసం, మన కష్టార్జితం కోసం కోర్టు మెట్లెక్కాల్సింది వాళ్ళే.